పలకల మీద సెలక్షన్ పరీక్ష

మా ప్రిన్సిపాల్‌గారు ఇంగ్లీషు విషాద నాటకం పాఠం చెబుతూ ఏటా ఒకే పేజీలో ఏడ్చేవారు. ఆ పేజీ ఏ రోజు వస్తుందో సీనియర్ ఇంటర్ వాళ్లకు ముందే తెలుసు. ఆ రోజు జూనియర్లను కూడా పిలుచుకొచ్చి వెనక బెంచీల మీద సర్ది కూర్చోబెట్టేవాళ్లు. ఒక ఏడు ఆయన పుస్తకంలోంచి ఆ పేజీ ఊడిపోయింది. ఏడవకుండానే తర్వాతి అంకంలోకి వెళ్లిపోయారు. క్లాసు మొత్తం కాళ్లతో నేలను తన్నింది. ఆయన వెనక్కి వచ్చి, గుర్తున్నంత వరకు కంఠతా చెప్పి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని అప్పుడు ముందుకు సాగారు.

ఆ కాలేజీలో నేను చరిత్ర చెప్పేవాణ్ణి. నన్ను చూసి నవ్వుకోవడానికి కూడా పిల్లలకు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది నా చెవిన పడలేదంతే.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ షెడ్లకు ఆనుకుని మూడు పెద్ద గదులు, నాలుగైదు చిన్న గదులు, ఒక వరండా, ఒక బావి. అదే కాలేజీ. ఇంటర్ రెండేళ్లు మాత్రమే ఉండేది. అప్పుడు మాది కర్నూలు జిల్లా, యూనివర్సిటీ మద్రాసులో. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన గుర్తింపు ఎప్పుడు తీసేస్తారోనని ప్రిన్సిపాల్‌గారికి ఎప్పుడూ భయం. రాజమండ్రి నుంచి వచ్చిన మనిషి. ఎండాకాలంలో కూడా కోటు, తలపాగా తీసేవారు కాదు. మద్రాసులో కూర్చున్న రిజిస్ట్రారు మా గోడల్లోంచి చూస్తున్నాడని ఆయన నమ్మకం.

కాలేజీ పెట్టింది పలకల వ్యాపారి. ఆయనే కరస్పాండెంటు. చదివింది మూడో తరగతి. సంత రోజున తీరిగ్గా వచ్చి ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చునేవాడు. ప్రిన్సిపాల్‌గారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని యూనివర్సిటీ నిబంధనలు వివరించేవారు. కరస్పాండెంటుకు ప్రిన్సిపాల్ పెద్దయ్యోరు, మేమందరం చిన్నయ్యోర్లం. మద్రాసులో బి.ఏ. ఆనర్సు చదివి వచ్చిన నాకు బడిపంతుళ్లను పిలిచే ఆ పిలుపు ముల్లులా ఉండేది. నేను పుట్టింది గిద్దలూరులోనే. మా నాయన అప్పటికీ నన్ను 'ఏంరా' అనే పిలిచేవాడు. అయినా మద్రాసు నుంచి బూట్లతో దిగిన రోజు నుంచి నేను ఈ ప్రాంతం వాణ్ణి కానట్టే నడిచేవాణ్ణి.

తర్కశాస్త్రం చెప్పే లెక్చరరు మా అందరికంటే పెద్దవాడు. సన్నగా, పొడుగ్గా, గాలికి వంగినట్టుండేవాడు. ప్రతి మాటకూ ముందు రెండు ఆధారాలు చెప్పి, 'కాబట్టి' అని ఆగి, గాలిలో ఒక వేలు నిలబెట్టి, తర్వాత అసలు సంగతి చెప్పేవాడు. కాఫీ కావాలన్నా అంతే. ఒకసారి ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపలే మరిచిపోయి, అది లోపల ఉండడం ఎందుకు అసంభవమో అరుగు మీద కూర్చుని భార్యకు వివరించాడని చెప్పుకునేవాళ్లు. ఆయన్ను అనుకరించడంలో ఊళ్లో నన్ను మించినవాడు లేడు. సాయంత్రం ఆఫీసర్ల క్లబ్బులో బ్యాడ్మింటన్ ఆట మధ్యలో నేను 'కాబట్టి' అని వేలెత్తితే తాసిల్దారుగారు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు కోసం నేను రోజూ అక్కడికి వెళ్లేవాణ్ణి.

ఇక సీనియర్ ఇంటర్‌లో ఒక కుర్రవాడు. రాచర్ల దగ్గరి పల్లె. క్రైస్తవ కుటుంబం, తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్లు. మిషన్ వాళ్ల స్కాలర్‌షిప్పుతో చదువుతున్నాడు. వయసులో నాకంటే రెండేళ్లే చిన్న. క్లాసులో నోరు విప్పేవాడు కాదు, అందుకని మందబుద్ధి అని నేను తేల్చేశాను. ఆ ఏడు కాలేజీ అతన్ని యూనివర్సిటీ పరీక్షకు పంపకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. చదువూ అక్కడితో ఆగిపోతుంది. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఈ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను, ముందుకు పోయాక నాకు తెలియదని చెప్పుకునే వీలు లేకుండా.

యూనివర్సిటీకి ఎవరిని పంపాలో తేల్చడానికి కాలేజీలోనే ఒక సెలక్షన్ పరీక్ష పెట్టేవాళ్లం. అందులో ఏ ఒక్క సబ్జెక్టు పోయినా ఆ ఏటికి అంతే. ఆ ఏడు యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదు. ఉన్న కాగితం అర్ధ సంవత్సర పరీక్షకే అయిపోయింది. సెలక్షన్ పరీక్ష వాయిదా వేద్దామని ప్రిన్సిపాల్‌గారు స్టూలు మీద కూర్చుని కరస్పాండెంటుకు చెప్పారు.

"కాగితం లేకుంటే ఏంది పెద్దయ్యోరా. పలకల మింద రాయియ్యండి. నా కాడ పలకలకు కరువా?"

"అయ్యా, ఇది కాలేజీ. మీసాలొచ్చిన వాళ్లు. కొందరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి."

"పెండ్లయితే బలపం పట్టుకోకూడదని యాడన్నా రాసి ఉందా?"

ప్రిన్సిపాల్‌గారు సాయం కోసం తర్కం లెక్చరరు వైపు చూశారు. ఆయన కాసేపు ఆలోచించాడు. "జవాబు అనేది విద్యార్థి బుద్ధిలో ఉంటుంది. కాగితం దాన్ని మనకు చూపించే సాధనం మాత్రమే. పలక కూడా చూపిస్తుంది. కాబట్టి..." అని వేలెత్తాడు. ప్రిన్సిపాల్‌గారు తల పట్టుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు, మద్రాసుకు ఈ ముక్క తెలియకూడదన్న షరతు మీద.

ఏర్పాటు ఇట్లా చేశాం. చెక్క చట్రం వెయ్యని పెద్ద పలకలు, మనిషికి ఆరు, రెండు వైపులా రాయొచ్చు. చాలకపోతే ఇంకా అడగొచ్చు. పరీక్ష అయిన సాయంత్రమే లెక్చరరు దిద్ది మార్కులు రాసుకోవాలి. మర్నాడు తొమ్మిదింటికి హాస్టలు పిల్లలు నలుగురు వచ్చి బావి దగ్గర పలకలు కడుగుతారు. పదింటికి అవే పలకల మీద తర్వాతి పరీక్ష. మొదటి రోజు కొమరోలు నుంచి ఒక విద్యార్థి మామగారు వచ్చి, బలపాలు పట్టుకుని కూర్చున్న అల్లుణ్ణి కిటికీలోంచి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చిన బండిలోనే తిరిగి వెళ్లిపోయాడు.

తర్కం లెక్చరరు మొదటి సాయంత్రం వరండాలో చాప వేసుకుని కూర్చుని ప్రతి పలకా ఒళ్లో పెట్టుకుని చదివాడు. పంచె అంతా సుద్ద. నేను క్లబ్బుకు పోతూ ఆయన్ను అట్లా చూసి, ఆ సాయంత్రం అనుకరణలో ఒళ్లో పలకను కూడా చేర్చాను.

మూడో రోజు చరిత్ర. హాల్లో కాపలా తర్కం లెక్చరరుది. నాలుగింటికి పలకలన్నీ వచ్చాయి. హాలు చుట్టూ గోడకు ఆనించి రెండు వరసలుగా నిలబెట్టారు. ఆ రోజు క్లబ్బులో తాసిల్దారుగారి బావమరిది ఎవరో కొత్తగా వచ్చారు. ఆట అయిదింటికి. దిద్దడం మర్నాడు పొద్దున్నే వచ్చి ముగించవచ్చు అనుకున్నాను. కాని హాల్లో అట్లా వదిలితే, ప్రిన్సిపాల్‌గారు సాయంత్రం చుట్టూ తిరిగేటప్పుడు ఒక్క మార్కు కూడా వెయ్యలేదని చూస్తారు. అందుకని వాటిని పక్కనున్న చిన్న గదిలో పెట్టి తాళం వేయించాలనుకున్నాను. అది చిన్న గది. నిలబెడితే పట్టవు. ఒకదాని మీద ఒకటి పేర్చమన్నాను.

మా బంట్రోతు ముసలాయన. పలకల గనిలో సగం జీవితం గడిపి వచ్చినవాడు. కాలేజీ అంతా తాత అనే పిలిచేది.

"పండబెడితే రాత నిలవదు నాయనా. రుద్దుకుంటాది. రాసిన పలక నిలబెట్టల్ల."

"నాకు తెలుసులే తాతా. చెప్పినట్టు చెయ్."

నాకు నిజంగానే తెలుసు. ఈ ప్రాంతంలో బడికి పోయిన ప్రతివాడికీ తెలుసు. ఇంటి దగ్గర లెక్కలు చేసిన పలక ఎవరికీ తగలకుండా చేత్తో నిలువుగా పట్టుకుని గిద్దలూరు వీధుల్లో నడిచిన వాణ్ణి నేను. కాని బూట్లు వేసుకున్న మనిషికి బంట్రోతు చెప్తే వినాలా? తాత పేర్చడం మొదలుపెట్టాడు. పలకలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు నా వెనక వినిపిస్తూనే ఉంది. నేను వెళ్లిపోయాను. ఆ సాయంత్రం బాగా ఆడాను కూడా.

పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి గది తెరిచాను. ప్రతి దొంతరలో పై పలక పైవైపు మాత్రం చక్కగా ఉంది. కిందవన్నీ బూడిద పూసినట్టున్నాయి. అక్కడక్కడ ఒక రాజు పేరు, సగం సంవత్సరం, ఒక వాక్యం కొస. దొంతరలో మధ్యవి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఏమీ లేదు. బయట బావి దగ్గర హాస్టలు పిల్లల మాటలు వినబడ్డాయి. ప్రిన్సిపాల్‌గారి గొడుగు గేటు దగ్గర కనబడింది.

"దిద్దడం అయిపోయింది. కడిగించు," అన్నాను తాతతో.

తాత పలకల వైపు చూశాడు. నా వైపు చూశాడు. దొంతర ఎత్తి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను లైబ్రరీలో కూర్చుని అరగంటలో నలభై మందికి మార్కులు వేశాను. ముందు బెంచీ వాళ్లకు అరవై దాటించాను. సబ్ రిజిస్ట్రారుగారి అబ్బాయికి యాభై ఎనిమిది, మరీ అనుమానం రాకుండా. నవ్వుతూ కూర్చునేవాళ్లకు నలభైలు. ఒకరిద్దరు పోకపోతే బాగుండదని, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఆ రాచర్ల కుర్రవాడికి ఇరవై రెండు వేశాను. జాబితా చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముప్పై తొమ్మిది మంది సరిగ్గా తాము అనుకున్న మార్కులే వచ్చాయన్నారు. దిద్దినా దిద్దకపోయినా నా మార్కులు ఒకటేనని అప్పుడు తెలిసింది. అది నా అనుభవానికి గుర్తు అని కాసేపు గర్వపడ్డాను కూడా.

పంపాల్సిన వాళ్ల పేర్లు తేల్చడానికి మీటింగు పెట్టారు. కరస్పాండెంటు కుర్చీలో, ప్రిన్సిపాల్‌గారు స్టూలు మీద. కుర్రవాడి పేరు రాగానే తర్కం లెక్చరరు కళ్లజోడు సర్దుకున్నాడు.

"నా పేపర్లో ఇతనిది మొదటి స్థానం. చరిత్ర పరీక్షకు కాపలా ఉన్నది నేను. ఇంకా ఎనిమిది పలకలు అడిగి తీసుకున్నాడు. మొత్తం పద్నాలుగు. అన్నీ రెండు వైపులా నింపాడు. పద్నాలుగు పలకలు నింపిన వాడికి ఇరవై రెండు రావడం అసంభవం కాదు. కాని..."

ప్రిన్సిపాల్‌గారు నా వైపు తిరిగారు. అప్పుడు నేను చేసిన పని ఇది. వేలు గాలిలోకి ఎత్తి, ఆయన గొంతుతోనే అన్నాను: "పలకలు బరువైనవి. జవాబులు తేలికైనవి. కాబట్టి..."

కరస్పాండెంటు పగలబడి నవ్వాడు. ప్రిన్సిపాల్‌గారు కూడా నవ్వారు, కోటు గుండీలు పట్టుకుని. తర్కం లెక్చరరు ఒక్క క్షణం ఎవరిని అనుకరిస్తున్నానో అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కుర్రవాడి పేరు కొట్టేశారు.

పంపేవాళ్ల జాబితా గోడకు అంటించిన మధ్యాహ్నం అతను నా గదికి వచ్చాడు.

"నా పలకల్లో ఏం తప్పు రాసినానో చెప్తారా సార్. దిద్దుకుంటా."

"మూడో ప్రశ్నలో యుద్ధాల వరస తప్పు రాశావు."

"మూడో ప్రశ్న నేను రాయలేదు సార్."

"రాయలేదు కాబట్టే పోయింది."

అతను తల ఊపాడు. వెంటనే వెళ్లలేదు. ఇంకేదో అడుగుతాడని నేను పుస్తకం తెరిచి తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి లేడు. మూడు రోజుల తర్వాత హాస్టలు ఖాళీ చేశాడని విన్నాను.

ఆ వారం నేను ఇంటికని చెప్పి గిద్దలూరు రైలెక్కాను. అక్కడి నుంచి బొగ్గుతో నడిచే బస్సులో రాచర్ల, తర్వాత నడక. నాలో మంచితనం ఉప్పొంగి వెళ్లానని రాయాలని ఉంది. కాని నిజమేమిటంటే, ఆ మీటింగు తర్వాత తర్కం లెక్చరరు నాతో మాట్లాడడం మానేశాడు, తాత నాకు మంచినీళ్లు తెచ్చివ్వడం మానేశాడు. నాకు ఊళ్లో ఊపిరాడలేదు.

కుర్రవాడు ఇంటి ముందు జొన్న కంకులు కొడుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు. వాళ్లమ్మ బయటికొచ్చింది.

"ఎవరు నాయనా?"

"మా చరిత్ర సారు మా."

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగాను. తాగిన సంగతి రాయడానికి కారణం, తాగేముందు ఒక క్షణం తటపటాయించాను. ఆమె అది చూసింది.

"నీ పలకలు నేను దిద్దలేదు," అన్నాను.

"తెలుసు సార్."

"ఎట్లా తెలుసు?"

"ఆ పొద్దు బాయి కాడ కడిగినోళ్లల్లో నేనూ ఉండా గద సార్. నీళ్లు పోస్తే పోయేదానికి వాటి మింద ఏం లేదు. మూలన గీకిన నంబర్లు చూసి నా పద్నాలుగు నేనే కడిగినా."

"మరి నా గదికి వచ్చినప్పుడు ఆ మాట అనలేదేం?"

"మీరే చెప్తారనుకున్నా సార్. మూడు దినాలు హాస్టల్లోనే ఉండా, పిలుస్తారేమోనని."

నేను ఖాళీ చెంబు గుమ్మం పక్కన పెట్టాను.

"ఇప్పుడేమన్నా అయితాదా సార్?" అన్నాడు.

"అవుతుంది. దరఖాస్తుల గడువు ఇంకా వారం ఉంది. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడతా. ఆదివారం పొద్దున బండికి గిద్దలూరు స్టేషన్‌కు రా. నేను దిగుతా. ఇద్దరం కలిసి మార్కాపురం పోదాం."

"పిలుచుకపోతాడంటనా?" అంది వాళ్లమ్మ. నన్ను కాదు, కొడుకుని అడిగింది.

తిరిగొచ్చి ప్రిన్సిపాల్‌గారికి అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. కరస్పాండెంటు కుర్చీలోనే ఉన్నాడు.

"జాబితా మద్రాసు వెళ్లిపోయింది. మార్చమంటే ఎందుకని అడుగుతారు. పలకలని చెప్పాలి. పలకలని తెలిస్తే కాలేజీయే ఉండదు. మీరు చెప్పింది నేను వినలేదు."

ఆయన చెప్పింది సబబుగానే అనిపించింది. ఇక చేసేదేమీ లేదన్న నిశ్చింత కూడా కలిగింది. అప్పుడు కరస్పాండెంటు, మూడో తరగతి చదివిన ఆ మనిషి, అన్నాడు:

"పలకల పేరు ఎత్తేదెందుకు? మార్కులు ఎక్కించేటప్పుడు చరిత్ర అయ్యోరు పొరపాటు పడినాడు, పిల్లోడు పాసే, అని రాద్దాం. చిన్నయ్యోరు చేవ్రాలు పెడతాడు. అంతే గద."

అది అంత సులువు. ప్రిన్సిపాల్‌గారు గడ్డం గోక్కున్నారు. "అట్లా అయితే యూనివర్సిటీ ఈయన్ను సంజాయిషీ అడుగుతుంది. మార్చిలో ఈయన ఉద్యోగం ఖాయం కావాలి. కాకపోవచ్చు."

"ఏమంటావు అబ్బోడా?" అన్నాడు కరస్పాండెంటు. ఆయన నన్ను అయ్యోరు అనకపోవడం అదే మొదలు.

ఒక రోజు ఆలోచించుకుంటానన్నాను. ఒక రోజు తర్వాత ఇంకో రోజు. ఉద్యోగం లేకుండా గిద్దలూరులో దిగితే మా నాయన ముఖం ఎట్లా ఉంటుందో ఆలోచించాను. సంజాయిషీ పద్నాలుగు రకాలుగా మనసులో రాసుకున్నాను. అన్నింటిలోనూ తప్పు నాది కాకుండా వచ్చేట్టు చూసుకున్నాను. శనివారం ప్రిన్సిపాల్‌గారు వరండాలో ఎదురై, "అయితే మరి?" అన్నారు. నేను గడియారం చూసుకుని క్లాసుకు వెళ్లాను. ఆయన ఇంకోసారి అడగలేదు. అడగకపోవడం ఆయనకూ హాయిగానే ఉన్నట్టుంది.

ఆదివారం నేను రైలెక్కలేదు. ఇంట్లోనే ఉన్నాను. జ్వరం వస్తే బాగుండుననుకున్నాను, రాలేదు.

సోమవారం తర్కం లెక్చరరు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. మీటింగు తర్వాత నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"నిన్న గిద్దలూరు వెళ్లొచ్చాను."

"ఎందుకండీ?"

"కరస్పాండెంటు నాకు చెప్పాడు. మీరు ఆదివారం రమ్మన్నారని ఆ కుర్రవాడు వస్తాడు. మీరు వెళ్లరు. ఎవరో ఒకరు చెప్పాలి కదా." వేలెత్తలేదు. "పొద్దున బండికే వచ్చాడు. సాయంత్రం బండి దాకా ఉంటానన్నాడు. వాళ్లమ్మ కూడా వచ్చింది, అన్నం మూట కట్టుకుని. నేను చెప్పి పంపించేశాను."

"ఏమన్నాడు?"

"నాకు దండం పెట్టాడు."

గడువు దాటింది. మార్చిలో నా ఉద్యోగం ఖాయమైంది. మా నాయన ఊళ్లో మిఠాయి పంచాడు. ఆ కుర్రవాడు వాళ్ల పల్లె మిషన్ బడిలో అయ్యవారుగా చేరాడు. కొన్నేళ్లు పనిచేసిన ఉపాధ్యాయులు కాలేజీకి రాకుండానే పరీక్షకు కూర్చునే వీలు అప్పట్లో ఉండేది. అతను కూర్చోవడానికి సిద్ధపడుతున్నాడని, తర్కం లెక్చరరు నెలకో ఆదివారం వెళ్లి తర్కమూ ఇంగ్లీషూ చెప్పి వస్తున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున స్టేషన్ దారిలో జట్కా ఆపి ఆయన్ను అడిగాను. నేనూ వస్తాననీ, చరిత్ర నేను చెబుతాననీ, ఎన్ని ఆదివారాలైనా సరే అనీ. అతన్ని అడిగి చెబుతానన్నాడు.

మర్నాడు కాలేజీలో కనబడి చెప్పాడు. "చరిత్ర తనే చదువుకుంటాడట."

"ఇంకేమన్నా అన్నాడా?"

"లేదు," అన్నాడాయన. "నేను కూడా అదే అడిగాను. ఇంకేమీ అనలేదు."